గింజ వేసుకున్న గడియ

గింజల చరిత్ర: 14వ భాగం

గింజను తినాలని చూసినవాళ్లలో మనిషి అందరికంటే వెనక వచ్చాడు. పెంకు పురుగు, గొంగళి పురుగు, పిట్ట, ఎలుక, ఇవన్నీ అతనికంటే ఎంతో ముందే ఆ వరసలో నిలబడ్డాయి. వాటికి లేనిది, అతనికి ఉన్నది పొయ్యి. కందులు, ఉలవలు, అనుములు, అలసందలు ఏవైనా సరే, పండి ఎండిన గింజ నిప్పు తగలకుండా మన విస్తట్లోకి రాదు. లేత కందికాయ, శనగకాయ చేలోనే వలుచుకుని తింటాం. శ్రీరామనవమికి పెసరపప్పు నానబెట్టి వడపప్పుగా పంచుతాం. ఈ రెండూ మినహాయింపులు. వాటికీ కారణాలున్నాయి. ఈ భాగంలో చెప్పబోయే పదార్థం లేత గింజలో ఇంకా పూర్తిగా పేరుకోదు. పెసల్లోనేమో అది సోయాతో పోలిస్తే చాలా తక్కువ.

పప్పును ఎందుకు ఉడికించాలి అని అడిగితే, మెత్తబడటానికి, అరగడానికి అని ఏ అమ్మైనా చెబుతుంది. ఆ "అరగడానికి" అన్న మాటలో ఎంత నిజం ఉందో ప్రయోగశాలలు తేల్చేసరికి దాదాపు 30 ఏళ్లు పట్టింది. అరగకుండా చేయడం వల్ల గింజకు ఏం లాభం అన్న ప్రశ్నను గట్టిగా అడగడానికి ఇంచుమించు మరో 30 ఏళ్లు పట్టింది. పోయిన భాగంలో గింజ తన ప్రోటీన్లను మొలక కోసం ఎలా మూటగట్టి దాచుకుంటుందో చూశాం. ఆ మూటకు అది వేసుకున్న గడియ సంగతి ఈసారి.

మొదటి ఆనవాలు అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో దొరికింది. అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో థామస్ ఓస్బోర్న్ జీవితమంతా గింజల ప్రోటీన్లను వేరుచేసి పరీక్షించడంలోనే గడిపాడు. యేల్ విశ్వవిద్యాలయంలోని లఫాయెట్ మెండెల్ ఆయనకు తోడు. ఇద్దరూ కలిసి ఎలుకలకు ఒక్కో గింజ ప్రోటీన్ పెట్టి, ఏ తిండి మీద ఎంత పెరుగుతున్నాయో తూచేవారు. 1917లో సోయా చిక్కుడు వంతు వచ్చింది. పచ్చి సోయా పిండి తిన్న ఎలుకలు సరిగా పెరగలేదు. అదే పిండిని ఆవిరి మీద ఉడికించి పెడితే చక్కగా పెరిగాయి. ప్రోటీన్ అదే, బరువు అదే, తేడా అంతా వేడిలో ఉంది. సాధారణంగా వేడి ఆహారంలోని మంచిని చెడగొడుతుందని ఆ రోజుల్లో అందరికీ భయం. ఇక్కడ వేడి మేలు చేస్తోంది. ఏదో ఒక చెడును అది నాశనం చేస్తూ ఉండాలి. ఆ చెడు ఏమిటో వాళ్లకు దొరకలేదు.

21 ఏళ్ల తర్వాత, 1938లో, రీడ్, హాస్ అనే ఇద్దరు ధాన్యం పిండి పరిశోధకులు ఒక చిన్న సంగతి ప్రకటించారు. ట్రిప్సిన్ అనే ఎంజైముకు గడ్డకట్టిన జెలటిన్‌ను కరిగించి నీరు చేసే గుణం ఉంది. సోయా పిండిని నీళ్లలో నానబెట్టి తీసిన సారం కలిపితే ఆ గుణం అణిగిపోతోంది. ట్రిప్సిన్ అంటే మన క్లోమం చిన్న పేగులోకి వదిలే జీర్ణరసంలోని ముఖ్యమైన ఎంజైము. తిన్న ప్రోటీన్ పొడుగాటి గొలుసులను అది ముక్కలుగా కోస్తుంది. ఎక్కడ పడితే అక్కడ కోయదు. లైసిన్ గానీ ఆర్జినిన్ గానీ ఉన్న కణుపు దగ్గరే కోస్తుంది. ఈ పట్టింపు తర్వాతి కథకు కీలకం.

ఈలోగా యుద్ధం వచ్చింది. ఆగ్నేయాసియా జపాను చేతిలోకి పోవడంతో అక్కడి నూనెలు అమెరికాకు ఆగిపోయాయి. అమెరికా రైతులు సోయా విపరీతంగా వేశారు. నూనె తీయగా మిగిలిన పిండి కోళ్లకు, పందులకు మేతైంది. సరిగా ఉడకని పిండి తిన్న కోడిపిల్లలు గిడసబారాయి. ఇక అది ఎలుకల బోనులోని వింత కాదు, కోళ్ల షెడ్డులో నష్టం. 1944లో నెబ్రాస్కాలో హామ్, శాండ్‌స్టెడ్, ఇండియానాలో డొనాల్డ్ బౌమన్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, పచ్చి గింజల్లో ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం ఉందని చూపించారు. దాన్ని పట్టి గాజు సీసాలో పెట్టినవాడు మాత్రం మోజెస్ కునిట్జ్.

కునిట్జ్ గురించి కాస్త ఆగి చెప్పాలి. ఇప్పటి బెలారస్‌లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలో ఉన్న స్లొనిమ్ అనే ఊళ్లో 1887లో పుట్టాడు. 1909లో న్యూయార్క్ చేరాడు. 1913లో రాక్‌ఫెల్లర్ సంస్థలో జాక్ లోబ్ అనే పెద్ద శాస్త్రవేత్త దగ్గర సహాయకుడిగా కుదిరి, పని చేసుకుంటూనే చదువుకుని 1924లో కొలంబియాలో డాక్టరేట్ అందుకున్నాడు. ఆ తర్వాత ప్రిన్స్‌టన్‌లో జాన్ నార్త్‌రప్‌తో కలిసి ట్రిప్సిన్‌ను, అలాంటిదే మరో జీర్ణ ఎంజైమైన కైమోట్రిప్సిన్‌ను స్ఫటికాలుగా తీశాడు. ఎంజైములు ప్రోటీన్లేనా కాదా అని పెద్దలు వాదులాడుకుంటున్న కాలమది. స్ఫటికం కంటికి కనిపిస్తుంది, తూకానికి నిలుస్తుంది, వాదాన్ని ఆపుతుంది. 1936లో వీళ్లిద్దరూ ఆవు క్లోమంలోనే ట్రిప్సిన్‌కు నిరోధకం ఉందని చూపించి, దాన్నీ స్ఫటికం చేశారు. క్లోమం తన కత్తికి తానే ఒర తయారుచేసుకుంటుందన్న మాట.

అందుకే సోయా సంగతి చేతికి వచ్చినప్పుడు కునిట్జ్‌కు అది కొత్త లోకం కాలేదు. నూనె తీసిన సోయా పిండిని పలుచని ఆమ్లంలో నానబెట్టాడు. ఆ సారంలోని నిరోధకాన్ని బెంటొనైట్ అనే బంకమట్టికి పట్టించాడు. పిరిడిన్ కలిపిన నీళ్లతో మట్టినుంచి దాన్ని విడిపించాడు. ఆమ్లగుణాన్ని సరిచేస్తూ పోగా అడుగున మెరిసే పలుకులు పేరుకున్నాయి. 1945 జూన్‌లో సైన్స్ పత్రికలో ఆ కబురు వచ్చింది. అప్పటికి ఆయన వయసు 57. తర్వాతి రెండేళ్లలో కొలతలు తేల్చాడు: ఒక నిరోధక అణువు ఒక ట్రిప్సిన్ అణువును పట్టుకుంటుంది, లెక్క సరిగ్గా ఒకటికి ఒకటి. 1946 నోబెల్ బహుమతి నార్త్‌రప్‌కు వచ్చింది. కునిట్జ్ పేరు అందులో లేదు. ట్రిప్సిన్ నిరోధకాన్ని కొలవడానికి కేసిన్‌తో ఆయన పెట్టిన పద్ధతి ఈనాటికీ వాడుకలో ఉంది. నాకైతే అది తక్కువ గౌరవంగా కనిపించదు.

కునిట్జ్ 1948లో మరో సంగతి కనిపెట్టాడు. పోషకాహార గ్రంథాల్లో దానికి ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదని నా అభిప్రాయం. ఈ నిరోధకాన్ని కాస్త వేడి చేస్తే ముడులు విప్పుకుని పనికిరాకుండా పోతుంది. చల్లారనిస్తే మళ్లీ ముడులు వేసుకుని మామూలు రూపానికి వస్తుంది. అంటే ఒక పొంగు రానిచ్చి దించేస్తే గింజ ఓడిపోయినట్టు కాదు. తడితో, తగినంత సేపు, తగినంత వేడి పడాలి. మన పప్పు రాత్రంతా నానడం, కుక్కరు విజిళ్లు, ఉలవలు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పొయ్యి మీద కుతకుతలాడటం, వీటన్నిటి వెనకా ఈ మొండితనం ఉంది. ఎద్దులకు ఉడికించిన ఉలవలు పెట్టి, ఆ నీళ్లతో మనం చారు కాచుకున్నాం. నిజానికి ఎద్దుకు ఈ విషయంలో అంత జాగ్రత్త అవసరం లేదు. నెమరువేసే పశువుల పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు నిరోధకాన్ని చాలావరకు ముందే విరగ్గొడతాయి. ఒంటి పొట్ట ఉన్న కోడికి, పందికి, మనిషికే ఆ చిక్కు.

ఇంతకూ గింజ ఈ గడియను ఎలా వేస్తుంది? ట్రిప్సిన్ నోరు లైసిన్ కోసం, ఆర్జినిన్ కోసం వెతుకుతుందని చెప్పుకున్నాం కదా. నిరోధకం తన ఒంటి మీద ఒక చిన్న మెలికను ముందుకు చాచి, దాని కొసన సరిగ్గా ఆ అమైనో ఆమ్లాన్నే పెట్టి ఉంచుతుంది. సోయాలోని కునిట్జ్ నిరోధకంలో 181 అమైనో ఆమ్లాలున్నాయి. వాటిలో 63వది ఆర్జినిన్. ట్రిప్సిన్ దాన్ని తిండి అనుకుని కరుస్తుంది. కానీ ఆ మెలిక ఎంత బిగువుగా అమరి ఉంటుందంటే, కోత పడటం మహా కష్టం. పడినా తెగిన రెండు కొసలు దూరంగా పోవు, మళ్లీ అతుక్కుంటాయి. కరిచిన నోరు తెరుచుకోదు. గాలానికి చిక్కిన చేప సంగతే ట్రిప్సిన్ సంగతీ. 1960లలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మైకేల్ లస్కోవ్‌స్కీ ఈ కీలకమైన కణుపును గుర్తించాడు. 1974లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు పంది ట్రిప్సిన్, సోయా నిరోధకం ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న భంగిమనే ఎక్స్ కిరణాలతో చిత్రించారు. నాలుగు కాళ్ల జంతువు పేగులోని నోటి కొలత మొక్క దగ్గర అంత కచ్చితంగా ఉండటం ఆ చిత్రాల్లో కనిపిస్తుంది.

కథ ఇక్కడితో తేలిపోయిందనే చాలామంది అనుకున్నారు: ట్రిప్సిన్ ఆగింది, ప్రోటీన్ అరగలేదు, కోడిపిల్ల పెరగలేదు. కానీ ముందుగానే ముక్కలు చేసిన ప్రోటీన్‌ను, విడి అమైనో ఆమ్లాలను పెట్టినా, ఈ నిరోధకం కలిపితే పెరుగుదల తగ్గుతూనే ఉంది. అరగాల్సిన అవసరమే లేని తిండి మీద జీర్ణక్రియను అడ్డుకునే పదార్థానికి ఏం పని? 1948లో కాలిఫోర్నియాలో చెర్నిక్, లెప్‌కోవ్‌స్కీ, చైకాఫ్ పచ్చి సోయా తిన్న కోడిపిల్లలను కోసి చూస్తే క్లోమం బాగా ఉబ్బి కనిపించింది. అసలు నష్టం అక్కడ ఉంది. పేగులో ట్రిప్సిన్ తక్కువైతే, ఇంకా పంపమని క్లోమానికి కబురు వెళుతుంది. క్లోమం పంపుతుంది. అదీ గాలానికి చిక్కుతుంది. మళ్లీ కబురు, మళ్లీ రసం. ఈ జీర్ణ ఎంజైములు గంధకం ఉన్న అమైనో ఆమ్లాలతో నిండిన ఖరీదైన సరుకు. ఆ సరుకంతా మలంలో కొట్టుకుపోతుంది. పప్పుల్లో అసలే కొరతగా ఉండేవి ఆ గంధకపు అమైనో ఆమ్లాలే. చిల్లు కడవలో నీళ్లు పోస్తూ బావి ఎండబెట్టుకున్నట్టు, జంతువు తన ఒంటి ప్రోటీన్‌నే పారబోసుకుంటోంది.

ఆ తర్వాత 1973లో మిన్నెసోటాలో కాకడే, లీనర్ బృందం పచ్చి సోయా సారం నుంచి ట్రిప్సిన్ నిరోధకాలను మాత్రమే ఏరి తీసేసి మిగతాది ఎలుకలకు పెట్టింది. పెరుగుదలలో నష్టం సుమారు 40 శాతమే తగ్గింది. మిగతా నష్టంలో చాలావరకు, వేడి తగలని ప్రోటీన్ తన సహజమైన బిగువుతోనే జీర్ణానికి లొంగకపోవడం వల్ల వచ్చింది. గింజ ఒకే గడియను నమ్ముకుని కూర్చోలేదు.

ఈ కథలో మనవాళ్ల వంతు ఒకటుంది. పాశ్చాత్య చరిత్రల్లో అది ఒక్క వాక్యంలో తేలిపోతుంది. యుద్ధకాలంలో మన దేశంలోనూ పాలకు బదులు సోయా పాలు పనికొస్తాయా అన్న ఆలోచన గట్టిగా సాగింది. 1947లో దేశికాచార్, డే సోయా నిరోధకాల పాత్ర గురించి సైన్స్ పత్రికలో రాశారు. అయితే మన గింజల లెక్క తీసినది కమలా సొహోనీ.

కమలా భాగవత్‌గా బొంబాయిలో రసాయన శాస్త్రం చదివి, 1933లో ఆమె బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ తలుపు తట్టింది. డైరెక్టరు సి.వి. రామన్ ఆడపిల్లను చేర్చుకోనన్నాడు. ఆమె ఊరుకోకుండా వెళ్లి నిలదీసింది. చివరికి ఏడాది పాటు పరీక్షగా చూస్తానని ఒప్పుకున్నాడు. శ్రీనివాసయ్య గారి దగ్గర ఆమె పాలలోని, పప్పుల్లోని ప్రోటీన్ల మీద పని మొదలుపెట్టింది. అక్కడి నుంచి కేంబ్రిడ్జి వెళ్లి 1939లో డాక్టరేట్ తెచ్చుకుంది. విజ్ఞాన శాస్త్రంలో డాక్టరేట్ అందుకున్న మొదటి భారతీయ మహిళగా ఆమెను చెప్పుకుంటాం. తిరిగివచ్చాక కొంతకాలం కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేసింది. ఆ కూనూరు సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాక మీదుగా వెళ్లేవాళ్లకు బాగా తెలిసిన జాతీయ పోషకాహార సంస్థ అదే.

1940ల చివర ఆమె బొంబాయిలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరింది. అక్కడ విద్యార్థులతో కలిసి మన జనం రోజూ తినే వాటి మీదనే పనిచేసింది: నీరా, పప్పులు, బియ్యపు పిండి. భండార్కర్‌తో కలిసి 1954, 1955లలో భారతీయ కూరగాయల్లో, పప్పుల్లో ట్రిప్సిన్ నిరోధకాల వివరాలు ప్రచురించింది. అంబేతో కలిసి అనుముల నుంచి, డబుల్ బీన్స్ నుంచి నిరోధకాలను స్ఫటికాలుగా తీసి, 1955లో నేచర్ పత్రికలో ప్రకటించింది. కునిట్జ్ సోయాకు చేసిన పనిని పదేళ్లకల్లా మన అనుములకు చేసిందన్న మాట. తెలంగాణలో, రాయలసీమలో చలికాలం వచ్చిందంటే అనపకాయలు వలవని ఇల్లు తక్కువ. ఆ గింజ ప్రయోగశాల చరిత్రలో తొలి అడుగుల్లో ఒకటి సొహోనీ వేసింది. ఆమె గురించి రాసే ప్రతివాళ్లూ రామన్‌తో జరిగిన గొడవ దగ్గర ఆగిపోతారు. ఆ గొడవ చెప్పవలసిందే. కానీ ఆమె ఏ పని చేయడం కోసం అంత పోట్లాడిందో, ఆ పని కూడా చెప్పాలి.

మన ధాన్యాల్లో మరో వింత 1981లో మణిపాల్‌లో బయటపడింది. శివరాజ్, పట్టాభిరామన్ రాగుల్లో ఒక నిరోధకాన్ని కనుక్కున్నారు. అది ఒక చేత్తో ట్రిప్సిన్‌ను, మరో చేత్తో పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్‌ను, ఒకేసారి పట్టుకోగలదు.

రెండు చేతుల నిరోధకం సోయాలోనూ ఉంది. దాని జాడ బౌమన్ 1946లోనే పట్టాడు. అయితే దాన్ని శుద్ధిచేసి, గుణగణాలు తేల్చినది ఇజ్రాయెల్‌లోని రెహొవోత్ వ్యవసాయ కళాశాలలో యెహుదిత్ బిర్క్. 1961 నుంచి ఆమె ప్రచురించిన పరిశోధనల వల్ల దానికి బౌమన్-బిర్క్ నిరోధకం అన్న పేరు స్థిరపడింది. కునిట్జ్ నిరోధకంలో సగం కూడా ఉండదు, 71 అమైనో ఆమ్లాలే. అందులో 14 గంధకం ఉన్న సిస్టీన్‌లు. అవి జతలు జతలుగా కలిసి ఏడు గంధకపు ముడులు వేశాయి. ఆ ముడుల వల్ల అది వేడికి అంత తేలిగ్గా లొంగదు. ఒక పక్క ట్రిప్సిన్, మరో పక్క కైమోట్రిప్సిన్. 1973లో జపానులో ఒదాని, ఇకెనాకా దాన్ని నడిమికి కోసి, రెండు ముక్కలూ విడివిడిగా తమ తమ పని చేస్తున్నాయని చూపించారు. కంది, మినుము, ఉలవ, అలసంద, ఇలా పప్పుజాతి గింజలన్నిటా ఇప్పుడు దొరికే చిన్న నిరోధకాలు ఎక్కువగా ఈ కుటుంబానివే.

ఇంతవరకూ అందరూ అడిగినది మనవైపు ప్రశ్న. కోడికి ఏమైంది, ఎలుకకు ఏమైంది, దీన్ని ఎలా వదిలించుకోవాలి? గింజవైపు నుంచి అడిగినవాళ్లు అరుదు. 1947లో మిన్నెసోటాలో మికెల్, స్టాండిష్ సోయా పిండిలో పెంచిన పిండి పురుగుల పిల్లలు సరిగా ఎదగడం లేదని గమనించారు. బిర్క్ కూడా పిండి పురుగు కడుపులోని ఎంజైముల మీద పనిచేసే సోయా నిరోధకాలను వెతికింది. అనుమానం ఉంది, రుజువు లేదు.

రుజువు గింజలో కాక ఆకులో దొరికింది. వాషింగ్టన్ రాష్ట్రంలో పుల్‌మన్ అనే చిన్న ఊరు. అక్కడి విశ్వవిద్యాలయంలో క్లారెన్స్ రయాన్ బంగాళాదుంపలోని నిరోధకాన్ని చదువుతున్నాడు. దుంపలో అది నిల్వ ప్రోటీన్ అనుకోవచ్చు. కానీ ఆకుల్లో ఒక్కోసారి మెండుగా కనిపిస్తోంది, ఒక్కోసారి బొత్తిగా ఉండటం లేదు. ఎందుకిలా? రయాన్, ఆయన దగ్గరి టెరెన్స్ గ్రీన్ కలిసి బంగాళాదుంప, టమాటా మొక్కల మీదికి కొలరాడో పెంకు పురుగులను వదిలారు. పురుగు కొరికిన ఆకులోనే కాదు, అది తాకని పై ఆకుల్లో కూడా నిరోధకం పేరుకుంది. పురుగు లేకుండా ఆకును నలిపినా అదే జరిగింది. గాయపడిన చోటి నుంచి మొక్క ఒళ్లంతా ఏదో కబురు పాకుతోంది. 1972లో ఇది సైన్స్‌లో వచ్చింది. నిరోధకం పురుగు కోసమే తయారవుతుందని మొక్క తన నోటితో తాను చెప్పినట్టయింది.

ఆ కబురు మోసే దూత కోసం రయాన్ ప్రయోగశాల దాదాపు 20 ఏళ్లు వెతికింది. 1991లో అది చేతికి చిక్కింది: 18 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, పేరు సిస్టమిన్. జంతువుల్లో ఇన్సులిన్‌లాగా ప్రోటీన్ ముక్క హార్మోనుగా పనిచేయడం మొక్కల్లో కూడా ఉందని మొదటిసారి తెలిసింది. దానికి ఏడాది ముందు, 1990లో, ఎడ్వర్డ్ ఫార్మర్‌తో కలిసి ఆయన ఇంకో అద్భుతం చూపించాడు. సేజ్‌బ్రష్ అనే ఎడారి పొద కొమ్మను టమాటా మొక్కతో పాటు ఒక మూసిన గాజు పాత్రలో పెడితే, పొద వదిలే మిథైల్ జాస్మొనేట్ ఆవిరికే టమాటా ఆకుల్లో నిరోధకం పుట్టుకొచ్చింది. పొరుగింటి వాసనకే ఈ ఇల్లు గడియ వేసుకుంది. ఈ ధారావాహికకు చదివిన పరిశోధనలన్నిటిలో నన్ను ఎక్కువ కాలం వెంటాడినది ఇదే.

ఆకు పురుగు పడ్డాక గడియ వేస్తుంది. గింజకు ఆ తీరిక లేదు. తల్లి మొక్క నుంచి రాలిపోయాక కొత్తగా ఏదీ తయారుచేయలేదు, పారిపోలేదు. అందుకే పండేటప్పుడే గడియ వేసుకుని రాలుతుంది. ఈ మాట వినడానికి బాగుంది కాబట్టి, నిజమేనా అని అడగడం తప్పనిసరి. దీన్ని పరీక్షించిన ఒక అలసంద కథ చెప్పాలి.

నైజీరియాలోని ఇబాడాన్‌లో ఉష్ణమండల వ్యవసాయ సంస్థ 5,000కు పైగా అలసంద రకాలను సేకరించింది. నిల్వ గింజల్లో పడి తొలిచేసే పెంకు పురుగు మన దగ్గరలాగే అక్కడా రైతును ఏడిపిస్తుంది. గింజ మీద తెల్లని చుక్కలాంటి గుడ్డు, కొన్నాళ్లకు గుండ్రని చిల్లు, బస్తా అడుగున పొడి. ఆ వేల రకాల్లో టీవీయూ 2027 అనే రకం పురుగుకు తట్టుకుంది. ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయంలో గేట్‌హౌస్ దంపతులు, డొనాల్డ్ బౌల్టర్ 1979లో దాన్ని పరీక్షించి, అందులో ట్రిప్సిన్ నిరోధకం మిగతా రకాలకంటే రెట్టింపు ఉందన్నారు. కథ కుదిరిపోయింది. పాఠ్యపుస్తకాలకు ఎక్కింది.

తర్వాత చిక్కు వచ్చింది. ఈ పెంకు పురుగు కడుపులో ప్రోటీన్లను అరిగించేది ప్రధానంగా ట్రిప్సిన్ తరహా ఎంజైము కాదు, వేరే జాతి ఎంజైము అని 1980లలో తేలింది. ఆ తాళానికి ఈ చెవి పట్టదు. బ్రెజిల్‌లో జోసె షవియెర్ ఫీల్యో బృందం రకరకాల అలసందలను తీసుకుని చూసి, నిరోధకం ఎక్కువ ఉండటానికీ పురుగును తట్టుకోవడానికీ పొంతన లేదని 1989లో రాసింది. టీవీయూ 2027 బలం చాలావరకు విసిలిన్ అనే నిల్వ ప్రోటీన్‌లోని మార్పు నుంచి వస్తోందని తర్వాత చూపించారు. అంటే గింజను కాపాడినది దాని తిండి మూటే.

విచిత్రమేమిటంటే, అదే అలసంద నిరోధకపు జన్యువును 1987లో డర్హమ్ వాళ్లు పొగాకు మొక్కలో పెడితే, పొగాకు మొగ్గ తొలిచే గొంగళి పురుగు దాన్ని తిని చావసాగింది. గొంగళి కడుపులో ట్రిప్సిన్ తరహా ఎంజైములే ఉంటాయి మరి. మొక్క నుంచి మొక్కకు మార్చిన జన్యువుతో పురుగును ఆపిన తొలి విజయం అది. తర్వాత చైనాలో బీటీ జన్యువుతో పాటు ఈ జన్యువునూ పెట్టిన పత్తిని రైతులు పండించారు. ఆశ పెరిగింది. 1995లో నెదర్లాండ్స్‌లో యోంగ్స్మా బృందం ఆ ఆశకు హద్దు చూపింది. నిరోధకం ఉన్న ఆకు తిన్న ఒక రకం లద్దె పురుగు, ఆ నిరోధకం పట్టని కొత్త ఎంజైములను తయారుచేసుకుని, తిండి మానకుండా పెరిగింది. ఇటు మొక్క కొత్త గడియ చేస్తే, అటు పురుగు కొత్త గునపం చేస్తుంది. ఇది నిన్నా మొన్నా మొదలైన పోటీ కాదు. పప్పుజాతి మొక్కల్లో ఇన్ని రకాల నిరోధకాలు, ఒక్కో గింజలో పలు రూపాల్లో ఎందుకున్నాయో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

గింజ తన కోసమే దీన్ని వాడుకుంటుందా? తన నిల్వ ప్రోటీన్లు వేళ కాని వేళ విరిగిపోకుండా తన ఎంజైములకే కళ్లెం వేస్తుందన్న ఊహ ఒకటి చాలాకాలం నడిచింది. వరి గింజలో అలాంటిది ఉండొచ్చు. 1987లో జపాను శాస్త్రవేత్తలు బియ్యంలో కనుక్కున్న ఒరైజాసిస్టాటిన్ వరి సొంత ఎంజైములను కూడా పట్టుకోగలదు. పెసల్లో మాత్రం 1970ల చివర క్రిస్పీల్స్, బామ్‌గార్ట్‌నర్ చూసినప్పుడు, ట్రిప్సిన్ నిరోధకం ఉండే చోటు వేరు, నిల్వ ప్రోటీన్లు విరిగే చోటు వేరు. గింజ సొంత ఎంజైమును అది అడ్డుకోవడం లేదు. మొలకెత్తే కొద్దీ అదే కరిగి తగ్గిపోతోంది. 71లో 14 సిస్టీన్‌లు ఉన్న అణువు కరిగిందంటే మొలకకు గంధకం అందినట్టే. శత్రువుకు అడ్డుగా నిలిచినదే బిడ్డకు కూడు కూడా అవుతుంది. నా మటుకు ఈ రెండు పనులనూ విడదీసి ఏది ముఖ్యమని తేల్చాలనుకోవడం వృథా అనిపిస్తుంది.

అది లేకుండా గింజ బతకగలదా అన్నదానికి మాత్రం స్పష్టమైన జవాబు దొరికింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో థియొడోర్ హైమోవిట్జ్ వేల సోయా రకాలను జల్లెడ పట్టి, కునిట్జ్ నిరోధకం పుట్టుకతోనే లేని గింజలను పట్టాడు. వాటిలో ఒకటి కొరియా నుంచి వచ్చిన రకం. ఆ లక్షణాన్ని మంచి దిగుబడి రకంలోకి తెచ్చి 1991లో కొత్త వంగడం నమోదు చేశారు. దానికి పెట్టిన పేరు కునిట్జ్. మన ఇందోర్‌లోని సోయా పరిశోధన సంస్థ కూడా ఈ నిరోధకం లేని ఎన్‌ఆర్‌సీ 127 అనే వంగడాన్ని తెచ్చింది. ఈ గింజలు మామూలుగా మొలకెత్తాయి, పూశాయి, కాశాయి. అయితే వాటిలో బౌమన్-బిర్క్ నిరోధకం అలాగే ఉంది. కాబట్టి వాటిని కూడా ఉడికించే తినాలి.

ఇక మన కంది చేను. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో 2010 ప్రాంతంలో కంది నుంచి, మినుము నుంచి బౌమన్-బిర్క్ నిరోధకాలను శుద్ధిచేసి, గొంగళి పురుగుల మీద వాటి ప్రభావాన్ని ప్రచురించారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఒళ్లో కందికి చుట్టాలైన అడవి జాతులు భద్రంగా ఉన్నాయి. వాటి గింజల్లోని నిరోధకాలు శనగపచ్చ పురుగు కడుపు ఎంజైములను మన కందికంటే గట్టిగా పట్టుకుంటాయి. మన కందిని ఆ పురుగు తరతరాలుగా తింటూ వస్తోంది. కంది గడియ తీయడం పురుగుకు అలవాటే. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల వాళ్లు అందుకే 1990ల చివర నుంచి ఆ పురుగు ఎన్నడూ రుచి చూడని మొక్కల వైపు తిరిగారు. వాటిలో ఒకటి కాకర. ఆ గింజల సారం కలిపిన మేత మీద శనగపచ్చ పురుగు పిల్లలు ఎదగలేకపోయాయి. కాకర, గుమ్మడి కుటుంబపు నిరోధకాల్లో కొన్ని సుమారు 30 అమైనో ఆమ్లాలవే, ఇంతవరకు చూసిన వాటన్నిటికంటే చిన్నవి. వచ్చే భాగం వాటితో మొదలవుతుంది.